తగిలించినవాడే తీయాలి

ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రిలో నా వంతు కోసం ఎదురుచూస్తున్నా, నేను కరెంటు ఆఫీసులో సెక్షన్ ఇంజినీరుగా చేశానని తెలిస్తే చాలు, పక్కనున్నవాళ్ళు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. "మేడం, సోలార్ పెట్టించుకుంటే ఇంగ కరెంటు పోదు గదా?"

పోతుంది నాయనా, పోతుంది. మామూలుగా ఇళ్ళ మీద పెట్టే, బ్యాటరీ లేని సోలార్ అయితే వీధిలో కరెంటు పోయిన క్షణంలోనే మీ ఇంట్లోనూ పోతుంది. నెత్తిన ఎండ మాడ్చేస్తున్నా పోతుంది. ఈ మాట చెబితే నేనేదో వాళ్ళ ఇంటికి శాపం పెట్టినట్టు చూసి, కుర్చీ మళ్ళీ వెనక్కి జరుపుకుంటారు.

సోలార్ గురించి మనవాళ్ళకున్న అపోహలు నా సర్వీసులో చాలానే విన్నాను. రాయల్పాడు వైపు పని చేసేటప్పుడు ఒక మామిడి రైతు ఆఫీసుకొచ్చి, "పక్కింటోడు ఎండంతా లాక్కుంటా ఉండాడు మేడం, నా చెట్టుకు పూత నిలవలా" అని ఫిర్యాదు రాసుకోమని కూర్చున్నాడు. కామసముద్రంలో ఒక పెద్దమనిషి, మధ్యాహ్నపు వేడికి ప్యానెళ్ళు మాడిపోతాయని వాటి మీద రోజూ టార్పాలిన్ కప్పి, పొద్దు గుంకాక తీసి, కరెంటు రాలేదని మా మీద విరుచుకుపడ్డాడు. ఇంకొకావిడ ప్యానెళ్ళ మీద వడియాలు పెట్టింది. వడియాలు మాత్రం బాగానే ఎండాయి, నాకూ ఒక డబ్బా ఇచ్చింది.

ఇవన్నీ నవ్వి ఊరుకునేవి. నేనిప్పుడు చెప్పబోయేదానికి నవ్వు రాదు. కొత్తగా ఇల్లు కట్టుకుని మేడ మీద సోలార్ పెట్టించుకోబోతున్న చిన్నవాళ్ళు ఒక్కసారి ఓపిగ్గా చదవండి.

మా బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఈ కరెంటు పోదనే నమ్మకానికి వేరే బలం ఉంది. గనులు నడిచిన రోజుల్లో ఇక్కడ కరెంటు పోవడమంటే ఏమిటో జనానికి సరిగ్గా తెలియదు. భూమి కింద మనుషులున్నారు. పంపులు ఆగితే గనిలోకి నీళ్ళొచ్చేస్తాయి, మనుషుల్ని దించే ఇనప బోను, అదే కేజ్, ఆగితే మనుషులు మధ్యలో వేలాడతారు. అందుకని ఏం చేసైనా సరే కరెంటు నిలబెట్టేవాళ్ళు. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. బంధువులింటికి వెళ్ళి అక్కడ దీపం ఆరిపోతే చాలు, "మా ఊళ్ళో ఇట్లా ఉండదు" అని మీసం దువ్వేవాడు. గనులు మూతపడ్డాక మాదీ అందరి ఊళ్ళలాంటి ఊరైంది. గాలి కొడితే పోతుంది, వాన పడితే పోతుంది. పాతవాళ్ళకు అది చాలా నామోషీగా ఉండేది. ఇక మీ ఇంట్లో కరెంటు పోనే పోదని ఎవడో ఏజెంటు బైకు మీద వచ్చి చెబితే, మా ఊరివాళ్ళు నమ్మక ఏం చేస్తారు?

ఛాంపియన్ రీఫ్ దగ్గర ఒక చిన్న మిద్దె ఇల్లు. సోలార్ బిగించారు, మా లైనుకు కలిపే ముందు తనిఖీ చేయాలని నేను వెళ్ళాను. మేడ మీద ప్యానెళ్ళ నిండా, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల నుంచి ఎగిరొచ్చిన తెల్ల దుమ్ము. కడుగుతూ ఉండాలని చెప్పి కిందికి దిగాను. ముందు గదిలో, వీధివైపు కిటికీ పక్కన మంచం. మంచం మీద ఒక పెద్దాయన, ముక్కుకు సన్నటి గొట్టం. మంచం పక్కన బుస్సు బుస్సుమంటూ ఆక్సిజన్ మిషన్.

ఆయన వయసులో ఉన్నప్పుడు గని లోపల రాతికి తూట్లు వేసే పని చేశాడు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము చేరింది. లోపలి పనికి పనికిరాడని పైకి తెచ్చి, గని బావి మూతి దగ్గర గంట కొట్టే పనిలో పెట్టారు. కేజ్ ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఆపాలో దాన్ని నడిపే ఇంజన్ డ్రైవరుకు గంటతో చెప్పే మనిషన్నమాట. గనులు మూశాక ఆ గంట కూడా పోయింది, దుమ్ము మాత్రం ఆయనతో ఇంటికొచ్చింది. రాత్రీ పగలూ ఆ మిషన్ మీదే ఊపిరి.

ఇంట్లో ఆయన, భార్య, కూతురు. కూతురు పొద్దున్నే మారికుప్పం రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషి. నా కోసమని ఆ రోజు సెలవు పెట్టింది.

"ఇంగ భయం లేదు మేడం" అంది నాకు కాఫీ ఇస్తూ. "కరెంటు పోయినా నాయనకు మిషన్ ఆగదు. దానికోసమే పెట్టించినాము. బాడుగకు తెచ్చిన పెద్ద సిలిండర్ గూడా వాపసు ఇచ్చేసినాను."

కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. "బ్యాటరీ ఎక్కడుంది?" అని అడిగాను.

"బ్యాటరీ ఎందుకు? సోలార్ ఉండాది గదా?"

చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా చెప్పాల్సింది అదే. వీధి లైనులో కరెంటు ఉన్నంతసేపే, ప్యానెళ్ళ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఈ సోలార్ పెట్టె పని చేస్తుంది. లైను చచ్చిపోతే ఇదీ తనంతట తాను ఆగిపోతుంది, అది దాని లోపం కాదు, అలా ఆగేటట్టే చేశారు. ఆ అమ్మాయి మొహం ఒక్కసారిగా పాలిపోయింది. తర్వాత కోపం వచ్చింది.

"ఎండ కాస్తా ఉంటే ఆగేది ఏంది మేడం? అట్లాంటిది మా నెత్తిన ఎందుకు పెట్టినారు? ఆ ఏజెంటు ఇట్లా కూర్చోని, నాయన ముందరే చెప్పినాడే, కరెంటు పోయేదే లేదని!"

"లైను చెడిపోతే బాగు చేయడానికి ఒక మనిషి స్తంభం ఎక్కుతాడమ్మా. లైను చచ్చిందని నమ్మి తీగ పట్టుకుంటాడు. అప్పుడు మీ మేడ మీది కరెంటు వీధిలోకి పోతే అతను బతకడు. అందుకని ఆపేస్తుంది."

అంతవరకూ కళ్ళు మూసుకుని ఉన్న పెద్దాయన నవ్వాడు. నవ్వు వెంటనే దగ్గు. దగ్గు తగ్గాక ఒక్కొక్క మాటే కూడదీసుకుని అన్నాడు.

"మా బోర్డు మాదిరి, అంతే గదమ్మా? బావిలో రిపేరీకి మనిషి దిగితే... ఇంజను పిడికి బోర్డు తగిలిస్తాము. బోర్డు ఉంటే... పెద్ద దొర వచ్చినా ఇంజను ముట్టకూడదు. తగిలించినోడే తీయాల."

"అదేనప్పా" అన్నాను. నా సర్వీసులో ఈ సంగతి ఎవరికైనా చెబితే ఒక్క మాటలో పట్టుకున్న మనిషి ఆయనొక్కడే. కూతురికి మాత్రం ఆ బోర్డు కథ రుచించలేదు. తండ్రి ఊపిరి గురించి ఆమె బెంగ ఆమెది.

బ్యాటరీ ఉండే పెట్టె తెప్పించుకోమన్నాను. కూతురు చెప్పిపెట్టింది, రావడానికి ఆలస్యమవుతుందన్నారు. పెద్ద సిలిండర్ కోసం వెళితే, అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారు, చిన్నది దొరికింది. ఇంట్లో టీవీకి, రెండు లైట్లకు పెట్టుకున్న పాత యూపీఎస్ ఒకటి ఉంది, దాని బ్యాటరీ ముసలిదైపోయింది, మిషన్ తగిలిస్తే కాసేపటికే చతికిలబడుతుంది. ఆ ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉందని మా ఆఫీసులో అందరికీ చెప్పి పెట్టాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

ఇక్కడ ఇంకో మనిషిని మీకు చెప్పాలి. పక్క వీధిలో ఉండే పెద్దాయన పాత స్నేహితుడు, గనిలో కరెంటు పని చేసినవాడు. మా ఊళ్ళో ఇలాంటి వాళ్ళు వీధికొకరున్నారు. చేతిలో పనితనం ఉంది, చేయడానికి గని లేదు. ఏది ఆగినా నడిపించి తీరాలన్న గని అలవాటు మాత్రం వాళ్ళ ఒంట్లోంచి పోలేదు. ఈయన సోలార్ పెట్టె చుట్టూ రోజంతా తిరిగి ఒక ఉపాయం కనిపెట్టాడు. వీధి కరెంటు పోయినప్పుడు ఇంటి మెయిన్ స్విచ్చి దించేసి, ఆ పాత యూపీఎస్ కరెంటును ఇంటి వైరింగులోకి ఎక్కిస్తే, సోలార్ పెట్టె అది వీధి కరెంటే అనుకుని మోసపోయి లేస్తుంది. ఒకసారి లేచాక బరువంతా ప్యానెళ్ళే మోస్తాయి. మెయిన్ దించినప్పుడు వీధితో లంకె నిజంగా తెగితే వీధికి ప్రమాదం లేదు. తెగకపోతే వీధిలో శవం లేస్తుంది. నాలాంటివాళ్ళకు తెలిస్తే ఒప్పుకోమని ఆయనకు తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ఒక రాత్రి పెద్ద గాలి కొట్టింది. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది, ఊరంతా తీగలు కిందున్నాయి. ఆఫీసుకు వచ్చీ రాగానే నేను చేసిన మొదటి పని, మాలో చురుకైన లైన్‌మన్‌ని పిలిచి ఆ వీధికి పంపడం. "అక్కడ ఆక్సిజన్ మీద మనిషున్నాడు, ముందు అది చూడు" అన్నాను. అతను లైన్ క్లియర్ తీసుకున్నాడు, అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైను ఆపించి, తాను చెప్పేదాకా ఇవ్వకూడదని మాట తీసుకుని వెళ్ళాడు. పెద్దాయన కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభమే ఎక్కాడు. నేను వీధి మొగదల, కూలిన వేరే లైను స్తంభం దగ్గర ఇంకో జట్టుతో ఉన్నాను.

ఇంట్లో ఏం జరిగిందో ఆయన భార్య, ఆ స్నేహితుడు తర్వాత చెప్పారు.

రాత్రి కరెంటు పోగానే చిన్న సిలిండర్ పెట్టారు. తెల్లారేసరికి అది అడుగంటింది. కూతురు అంబులెన్సుకు ఫోన్ చేసింది, దారిలో చెట్లు పడ్డాయి, చుట్టు తిరిగి రావాలన్నారు. సిలిండర్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆమె బయటికి పరుగెత్తింది. యూపీఎస్ మీద మిషన్ కాసేపు నడిచి ఆగింది, చార్జి అయిపోవస్తోందని యూపీఎస్ కూత పెట్టింది. అప్పుడే స్నేహితుడు వచ్చాడు. వచ్చీ రాగానే మెయిన్ దించాడు.

"ఇంగ కొంచెం చార్జి ఉండాది. ఇది పూర్తిగా పడిపోకముందే సోలార్ లేపేస్తాను. బయట ఎండ సూడు, పగలకొడతా ఉండాది" అన్నాడు.

పెద్దాయన కిటికీలోంచి చూశాడు. స్తంభం మీద మా లైన్‌మన్, నడుముకు బెల్టు, రెండు చేతులా తీగ.

"వద్దురా" అన్నాడు. "పైన మనిషి ఉండాడు."

"మెయిన్ దించినా గదరా! యాడికీ పోదు."

"దించినావు... తెగిందని ఎట్ల తెలుసు?"

"రేయ్, నేను గనిలో వైరు పని చేసినోడిని! నాకు చెప్తావా నువ్వు?"

పెద్దాయన వాదించలేదు, వాదించే ఊపిరి లేదు. భుజం మీదున్న ఎర్ర గళ్ళ తుండు తీసి, మంచం పక్కనే ఉన్న యూపీఎస్ స్విచ్చి మీద వేశాడు. "వాడు దిగినంక... నేనే తీస్తా" అన్నాడు.

స్నేహితుడికి ఒళ్ళు మండింది. ఆ తుండు లాగి పారేయడానికి ఆయనకు ఒక్క క్షణం చాలు. మంచం మీద మనిషికి లేచి ఆపే సత్తువ లేదు. కానీ గనిలో పని చేసినవాడి చెయ్యి అలాంటి గుడ్డ మీదికి పోదు. బయటికి వచ్చి స్తంభం కింద నిలబడ్డాడు.

"ఇంగ ఎంతసేపప్పా?"

"అయిపోవస్తా ఉండాదన్నా! పెద్దాయనకేనని ముందు ఇక్కడికే వచ్చినాను!" అన్నాడు పైనుంచి లైన్‌మన్.

అంతే. ఆయన ఇంకొక్క మాట అనలేదు. "నువ్వు దిగప్పా, మేము సోలార్ లేపుకుంటాము" అనలేదు. అంటే తన ఉపాయం బయటపడుతుంది, డిపార్టుమెంటు కేసు పెడుతుందని భయం. ఆ భయం కన్నా, స్తంభం ఎక్కే కుర్రవాడి దగ్గర అనుమతి అడగడమా అన్న గని కరెంటోడి అహం ఇంకొంచెం ఎక్కువ. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, ఆయనే నా ముందు చెప్పుకుని ఏడ్చాడు. లోపలికీ బయటికీ తిరిగాడు. తిరిగినప్పుడల్లా మంచం మీది మనిషి పెదవులు ఇంకాస్త నల్లబడుతున్నాయి.

అంబులెన్సు వీధి మొగదలకు వచ్చింది. కూలిన స్తంభం అడ్డం, లోపలికి రాలేదు. వీధివాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు. అరుపులు విని లైన్‌మన్ సర్రున జారి దిగి, మంచం ఒక కోడు తను పట్టుకున్నాడు. నా పక్కనుంచే పోయింది మంచం. పెద్దాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. ఒట్టి చేతులతో తిరిగొస్తున్న కూతురు ఎదురై అలాగే బండెక్కింది. ఆస్పత్రి చేరేలోగానే ప్రాణం పోయింది.

బండి వెళ్ళాక లైన్‌మన్ మళ్ళీ ఎక్కాడు. మిగిలింది ఒక్క ముడే. కట్టి, దిగి, లైన్ క్లియర్ తిరిగిచ్చాడు, వీధికి కరెంటు వచ్చింది. ఇంట్లో మెయిన్ దించి ఉందని గుర్తొచ్చి, ఆ స్నేహితుడే లోపలికెళ్ళి ఎత్తాడు, వెనకే నేనూ వెళ్ళాను. ఎత్తగానే, ఎవరూ ఆపని ఆక్సిజన్ మిషన్ ఆ ఖాళీ గదిలో బుస్సు బుస్సుమని మొదలైంది. గోడ మీద సోలార్ పెట్టె పచ్చ దీపం వెలిగించుకుంది. ఆ చప్పుడు వినలేక నేను వీధిలోకి వచ్చేశాను.

కర్మలన్నీ అయ్యాక ఆ స్నేహితుడు మా ఆఫీసుకు వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు.

"ఆ మెయిన్ స్విచ్చి మీరు చూడాల మేడం. ఆ పొద్దు అది తెగిందా లేదా నాకు తెలియాల. నేను చూసుకుంటే నన్ను నేను నమ్మను."

ఆదివారం, కూతురు ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళాము. లైన్‌మన్ కూడా వస్తానని వచ్చాడు. స్విచ్చి దించి, మూత విప్పి, మీటరు పెట్టి చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. అది చెడిపోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో నేను కోరుకున్నమాట నిజం. చెడిపోయి ఉంటే, పెద్దాయన ఒక ప్రాణం కాపాడి పోయాడని చెప్పుకుని అందరం ఇంటికి పోయేవాళ్ళం.

స్విచ్చి శుభ్రంగా ఉంది. పూర్తిగా తెగింది. వీధిలోకి చీమంత కరెంటు కూడా పోయేది కాదు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "మంచి స్విచ్చే" అన్నాను.

ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. లైన్‌మన్ చెప్పు మొనతో నేల గీకుతూ అన్నాడు.

"నాకు చెప్పుంటే దిగేవాణ్ణి గదన్నా. ఒక్క మాట. దిగి, బీడీ ముట్టించుకోని చెట్టు కింద కూర్చోనుండేవాణ్ణి."

కూతురు నావైపు తిరిగింది. "అయితే నాయన ఊరికే పోయినాడా మేడం?"

ఊరికే పోలేదమ్మా, ఆ స్విచ్చి మంచిదని మనకు ఇవాళ మీటరు పెట్టి చూస్తే తెలిసింది, మంచం మీద నుంచి ఆయనకు తెలిసే దారి లేదు, తెలియనప్పుడు ముట్టకూడదనేదే ఆయన నేర్చుకున్న పని అన్నాను. నేను చెప్పింది న్యాయమే. ఆ అమ్మాయికి అది ఎందుకూ పనికిరాలేదు. నా మాటను కాఫీ గ్లాసులాగా పక్కన పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నవాళ్ళకు చెప్పేది ఇదే. సోలార్ అమ్మేవాడు వస్తే, కరెంటు పోయినప్పుడు ఇది ఏం చేస్తుందని ముందు అడగండి. ఇంట్లో మిషన్ మీద ఊపిరి తీసుకునే మనిషుంటే, బ్యాటరీ వచ్చి, మీ కళ్ళ ముందు పని చేసేదాకా పాత సిలిండర్ వాపసు ఇవ్వకండి. స్తంభం మీద మనిషుంటే, మీరు ఇంట్లో ఏం చేస్తున్నారో, అది తప్పైనా సరే, సిగ్గుపడకుండా అతనికి చెప్పండి. అతను దిగుతాడు. నేను పని చేయించినవాళ్ళలో దిగనని అనే లైన్‌మన్‌ని ఒక్కణ్ణి కూడా చూడలేదు.

నేను రిటైరయ్యే ముందు ఆఖరిసారి ఆ ఇంటికి వెళ్ళింది, కొత్త బ్యాటరీ పెట్టె తనిఖీకి. తండ్రి లేకపోయినా ఆ అమ్మాయి దాన్ని వద్దనలేదు. వీధి కరెంటు ఆపి చూశాను. ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. వాళ్ళమ్మ ఫ్యాను వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

పాత యూపీఎస్ ఇంకా ఆ మూలలోనే ఉంది, దాని స్విచ్చి మీద ఎర్ర గళ్ళ తుండు కూడా. పైన సయనైడ్ దిబ్బల దుమ్ము తెల్లగా పేరుకుంది.

"ఇది తీసేస్తే కొత్తది ఇక్కడ పట్టేది కదమ్మా" అన్నాను.

"బిగించేదానికి వచ్చినోళ్ళూ అదే చెప్పినారు మేడం. తీయబోతే నాయన జతగాడు, ఆ మామ అడ్డం నిలబడినాడు. తగిలించినోడే తీయాలంట."

కొత్త బ్యాటరీని గదికి ఇంకో వైపు పెట్టించుకున్నారు.